ఆ గ్రంథి ఎక్కడుంది? పారాథైరాయిడ్ ఆపరేషన్‌కు ముందు చేసే స్కాన్లు

అందరికీ నమస్కారం.

1932లో అమెరికాలోని బోస్టన్‌లో చార్ల్స్ మార్టెల్ అనే ఓడ కెప్టెన్‌కు ఏడోసారి ఆపరేషన్ చేశారు. ఎముకలు గుల్లబారి, ఆరడుగుల మనిషి ఏడంగుళాలు కుంగిపోయాడు. కిడ్నీల్లో రాళ్లు. అంతకుముందు ఆరుసార్లు వెతికినా దొరకని గ్రంథి చివరికి ఛాతీలో దొరికింది. కొద్ది వారాలకే ఆయన చనిపోయాడు. ఆయన సర్జన్లు గొప్పవాళ్లే. ఎక్కడ వెతకాలో చెప్పే స్కాన్ ఏదీ అప్పటికి లేదు. ఈ కథ తలచుకున్నప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

థైరాయిడ్ వెనకాల కందిగింజంత పారాథైరాయిడ్ గ్రంథులు మామూలుగా నాలుగు ఉంటాయి. రక్తంలో కాల్షియాన్ని అదుపులో ఉంచేవి అవే. వాటిలో ఒకటి పెరిగిపోయి పీటీహెచ్ అనే హార్మోన్‌ను అతిగా వదిలితే, ఎముకల్లోని కాల్షియం రక్తంలోకి దిగుతుంది. ఈ జబ్బు ఉన్నవాళ్లలో నూటికి 80 మందికి పైగా చెడేది ఒక్క గ్రంథే. అది ఎక్కడుందో ముందే తెలిస్తే చిన్న కోతతో పని అయిపోతుంది.

"డాక్టరు గారూ, స్కాన్‌లో ఏమీ లేదన్నారు, అంటే జబ్బు లేనట్టే కదా?" అని చాలామంది అడుగుతారు. కాదండీ. జబ్బును తేల్చేది రక్తపరీక్ష. కాల్షియం, పీటీహెచ్, విటమిన్ డి, 24 గంటల మూత్రంలో కాల్షియం, ఇవి చూసి జబ్బు ఉందని నిర్ధారించుకుని, ఆపరేషన్ చేయాలనుకున్నాకే స్కాన్. స్కాన్ నార్మల్‌గా వచ్చిందని ఆపరేషన్ మానుకుని, రెండేళ్ల తర్వాత తుంటి విరిగి వచ్చేవాళ్లను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

ముందు చేయాల్సింది మెడ అల్ట్రాసౌండ్. రేడియేషన్ లేదు, ఖర్చు తక్కువ, గర్భిణులకూ చేయొచ్చు. పెరిగిన గ్రంథి థైరాయిడ్ వెనక నల్లటి గుడ్డులా కనిపిస్తుంది, దాని ఒక కొసకు రక్తనాళం వచ్చి చేరుతుంది. కానీ గాలినీ ఎముకనీ దాటి ఈ తరంగాలు చూడలేవు. గాలిగొట్టం వెనక దాక్కున్నదీ, రొమ్ము ఎముక కిందికి జారినదీ దొరకవు. అన్నిటికన్నా ముఖ్యం, మెడ మీద ఆనించే ప్రోబ్ పట్టుకున్నవారి అనుభవం.

రెండోది సెస్టామిబి. ఇది మొదట గుండె పరీక్ష కోసం వచ్చిన మందు. టెక్నీషియం అనే అణుధార్మిక పదార్థాన్ని జోడించి నరానికి ఎక్కిస్తారు. అతిగా పనిచేసే గ్రంథి కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఎక్కువ, మందు అక్కడే పట్టుకుని ఉంటుంది. రెండు గంటల తర్వాత తీసిన బొమ్మలో థైరాయిడ్ వెలవెలబోతుంది, చెడిన గ్రంథి మెరుస్తుంది. దీనికి అన్నివైపుల నుంచీ బొమ్మలు తీసే స్పెక్ట్-సీటీ జోడిస్తే ఎంత లోతులో ఉందో కూడా తెలుస్తుంది. ఛాతీలోకి జారిన గ్రంథిని పట్టడంలో అల్ట్రాసౌండ్ కన్నా ఇదే మేలు. చిన్న గ్రంథుల దగ్గర, రెండు మూడు కలిసి చెడినప్పుడు మాత్రం తడబడుతుంది. థైరాయిడ్‌లో గడ్డలుంటే అవి కూడా మెరిసి మోసం చేస్తాయి. అందుకే ఈ రెండు పరీక్షలూ ఒకే చోటును చూపిస్తే మాకు ధైర్యం.

రెండూ పొంతన లేకుండా వస్తే ఫోర్-డీ సీటీ. నాలుగో కొలత అంటే కాలం. కాంట్రాస్ట్ (బొమ్మలో నాళాలు స్పష్టంగా కనిపించేలా చేసే మందు) ఎక్కించకముందూ, ఎక్కించగానే, కాసేపటి తర్వాతా బొమ్మలు తీస్తారు. చెడిన గ్రంథి కాంట్రాస్ట్‌ను గబగబా పీల్చి గబగబా వదిలేస్తుంది, పక్కనున్న లింఫ్ గ్రంథి అలా చేయదు. చుట్టుపక్కల నాళాలతో సహా స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి రెండోసారి ఆపరేషన్ చేసేటప్పుడు నాకు ఇది చాలా ఇష్టం. అయితే థైరాయిడ్‌కు రేడియేషన్ ఎక్కువ తగులుతుంది కాబట్టి చిన్న వయసువాళ్లకు ఆలోచించి చేయాలి. ఈ జబ్బులో కిడ్నీలు ముందే దెబ్బతిని ఉండొచ్చు, కాంట్రాస్ట్‌కు ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి.

ఇక ఫ్లోరోకోలీన్ అనే అణుధార్మిక మందు ఎక్కించి తీసే పెట్-సీటీ స్కాన్. మిగతావి చూడలేని చిన్న గ్రంథుల్ని కూడా ఇది చాలాసార్లు పట్టేస్తుంది. నా అభిప్రాయంలో ముందుముందు ఇదే మొదటి వరసకు వస్తుంది. కానీ ఇందులోని అణుధార్మిక ఫ్లోరిన్ 110 నిమిషాల్లో సగానికి తగ్గిపోతుంది. పెట్ సెంటర్ ఉన్న ప్రతి చోటా ఈ మందు దొరకదు, ఖర్చూ ఎక్కువే.

నాలుగూ విఫలమైనా టెన్షన్ పడకండి. అనుభవమున్న సర్జన్ మెడ రెండువైపులా తెరిచి నాలుగు గ్రంథుల్నీ కళ్లారా చూస్తారు. చెడినది తీసిన 10 నిమిషాలకు రక్తంలో పీటీహెచ్ సగానికి పైగా పడిందా అని ఆపరేషన్ బల్ల మీదే పరీక్షించుకుంటాం.

ఒక్క విన్నపం. సర్జన్ దగ్గరికి వచ్చేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు స్కాన్ సీడీ కూడా తీసుకురండి. ఆ బొమ్మల్ని మేం మా కళ్లతో చూసుకోవాలి.