పెళ్లి పట్టు గురించి మాట్లాడదామని కూర్చున్నాం

మరిది: నమస్కారం. అనంతపురం నుంచి మళ్లీ మేమే. ఈ వారం పెళ్లి పట్టు. ధర్మవరం చీర పెళ్లికూతురి ఒంటి మీదికి ఎట్లా వచ్చింది, మధుపర్కాలు ఎందుకు పక్కకు జరిగినాయి...







నువ్వు మొదలుపెట్టు వదినా. నేసినోళ్లు మీరు.

వదిన: జాకార్డు రాకముందు డిజైను పోగులు లాగడానికి పక్కన ఇంకో మనిషి ఉండాల. మగ్గం మీద పెట్టే ఆ జాకార్డు యంత్రం వచ్చినాక డిజైనంతా చిల్లుల అట్టల్లోకి పోయింది. ఆ తర్వాత వచ్చింది మరమగ్గం...

మరిది: వచ్చేసింది! రెండు నిమిషాలు కూడా కాలేదు.

వదిన: రాదా మరి? కొన్ని రకాల చీరలు చేనేతకే అని 1985లో చట్టమే చేసినారు. షాపులో ఏం చేస్తారు? మరమగ్గం చీరకే సిల్క్ మార్క్ చూపించి "చేనేత తల్లీ" అంటారు. ఆ మార్కు పట్టు అసలుదని చెబుతుంది, అంతే. ఏ మగ్గం మీద నేసినారో చెప్పదు. చేనేతకు వేరే మార్కు ఉంది. అడగండి, సిగ్గుపడొద్దు.

మరిది: సరేప్పా. నేను చీర అంచుల కోసం లేపాక్షి గుడి బొమ్మలు చూస్తున్నాను...

వదిన: నీకు మరమగ్గం అనకూడదు, నాకు లేపాక్షి అనకూడదు. ఒప్పందం.

మరిది: ఒక్కసారి విను. పైకప్పు బొమ్మల్లో ఆడవాళ్ల చీరలు చారలు, గళ్లు, పూలు. ఎన్ని రకాలో! మగవాళ్లేమో, ఆ గుడి కట్టించిన అన్నదమ్ములు విరూపణ్ణ, వీరణ్ణ, నెత్తిన పొడుగాటి కుళ్లాయిలు.

వదిన: మన టోపీ.

మరిది: కాదు వదినా. పర్షియా వైపు నుంచి సుల్తానుల దర్బార్లకు, అక్కడి నుంచి విజయనగరానికి వచ్చిన మోస్తరు.

వదిన: వాళ్లతోనే కొట్లాడుతూ వాళ్ల టోపీ పెట్టుకున్నారా?

మరిది: కొట్లాట ఒకటేనా? గుర్రాల బేరాలు, రాయబారాలు ఉండేవి. విజయనగర రాజు రెండో దేవరాయల సైన్యంలో ముస్లింలూ ఉన్నారు. 1443లో షారుఖ్ పంపిన రాయబారి...

వదిన: (నవ్వుతూ) ఏ షారుఖ్?

మరిది: హేరాత్‌లో ఉండే తైమూరు కొడుకు! ఆ రాయబారి అబ్దుల్ రజాక్. దేవరాయలు శాటిన్ అంగీలో కూర్చున్నాడని రాసుకున్నాడు. అవతలి దర్బారు మనిషి వచ్చినప్పుడు అతని కంటికి కూడా రాజులా కనబడాల కదా.

వదిన: ఇంటర్వ్యూకి టై కట్టుకున్నట్టు.

మరిది: అట్లే అనుకో. శ్రీనాథుడి పేరు మీద చాటువు ఉంది కదా, కుళ్లాయి పెట్టినా, కోక చుట్టినా, కూర్పాసం, అంటే అంగీ, తొడిగినా, ఇంకా దయ రాలేదా కన్నడ రాజ్యలక్ష్మీ అని.

వదిన: ఆ ఎండల్లో పాపం.

మరిది: వెల్లుల్లి తినాల్సొచ్చిందని కూడా ఏడ్చినాడు.

వదిన: వెల్లుల్లికి ఏమైంది? నిన్న కారం రెండుసార్లు వేయించుకున్నది ఎవరు?

మరిది: కవిగారి బాధ చెబుతున్నా, నాది కాదు. 1520 ప్రాంతంలో డొమింగో పేయస్ అనే పోర్చుగీసాయన కృష్ణదేవరాయలను చూశాడు. తెల్లబట్టల మీద బంగారు గులాబీలు, నెత్తిన జరీ టోపీ. కాళ్లకు మాత్రం ఏమీ లేవు.

వదిన: ఆఁ! టోపీ వాళ్లది, కాళ్లు మనవి.

మరిది: ఇంకా ఉంది. తిరుమలలో రాయలు, ఇద్దరు దేవేరుల విగ్రహాలు చూసినావు కదా? చేతులు జోడించి ఉంటాడు, ఒంటి మీద అంగీ లేదు.

వదిన: దేవుడి ముందర తీసేస్తారు.

మరిది: టోపీ తీయలేదు!

వదిన: మరిచిపోయింటాడు.

మరిది: విగ్రహం చేసినోళ్లు మరిచిపోతారా? అప్పటికి దాన్ని పరాయి టోపీ అని ఎవరూ అనుకోవడం లేదన్నమాట.

వదిన: నేను మొదట అన్నది అదే కదా! మన టోపీ అంటే కాదన్నావు.

మరిది: నేను ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పినా.

వదిన: నేను ఎవరిదో చెప్పినా. ఆ టోపీకి జరీ గుడ్డ ఎవరు నేసినారో రాసినాడా మీ పేయస్?

మరిది: మళ్లీ మగ్గమా?

వదిన: మళ్లీ మగ్గమే. మా నాయన గుంత మగ్గం పీకేసి, గుంత పూడ్చి, పైన బండలు పరిచినాడు. ఇప్పుడు అక్కడ మంచం వేసినాం. పక్కింట్లో పొద్దంతా మరమగ్గం. ఆదివారం అది ఆగితే ఆయనకు నిద్ర పట్టదు. తిట్టేదీ ఆయనే.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు)

మరిది: రాయదుర్గం జీన్స్ గురించి రాసుకొచ్చినా.

వదిన: చెప్పు.

మరిది: ఇంటింటా మిషన్లు పెట్టి కుడతారు. పేరు మాత్రం పక్కనున్న బళ్లారికి వచ్చింది.

వదిన: కుట్టినోళ్ల పేరు ఎప్పుడు వచ్చింది గనక! అయ్యో, మధుపర్కాలు?

మరిది: తెల్ల నూలు, ఎర్రంచు. ఫోటోల్లో పట్టు మెరుస్తుందని దాంతోనే తాళి దాకా వచ్చేస్తున్నారు. అయిపోయింది.

వదిన: దీనికా వారమంతా చదివినావు? ఆ విరూపణ్ణ బొమ్మ నా ఫోన్‌కు పంపు. పక్కనున్న ఆడవాళ్ల కొంగులు చూడాల.

మరిది: వాళ్ల సంగతే మొదట చెప్పబోయినా, నువ్వు...

వదిన: ఆగు, కొళాయి చప్పుడు కదా అది? నీళ్లొచ్చినాయి. బిందెలన్నీ ఖాళీ. లేయ్ అబ్బీ, లేయ్.

మరిది: వదినా, మైకు వైరు, మైకు...