ఎనిమిది మంది కోసం మళ్ళీ వెనక్కి

శ్రోతలందరికీ నమస్కారం. ఈ రోజు చార్లెస్ కెటిల్స్ అనే పైలట్ గురించి చెబుతాను. అమెరికా సైన్యంలో మేజర్, హ్యూయీ హెలికాప్టర్ నడిపేవారు. 1967 మే 15న వియత్నాంలోని డక్ ఫో దగ్గర జరిగిన సంగతి ఇది.

అక్కడ ఒక నదీలోయలో 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ సైనికులు మెరుపుదాడిలో చిక్కుకున్నారు. ఎదురుగా ఉన్నవాళ్ళు వాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కెటిల్స్ నేను వెళ్తానని ముందుకొచ్చి, కొన్ని హెలికాప్టర్లతో అదనపు బలగాన్ని దించి, గాయపడ్డవాళ్ళను ఎక్కించుకుని వచ్చారు. దిగిన చోటల్లా తూటాలు, మోర్టార్లు. అయినా అన్ని హెలికాప్టర్లూ నిండేదాకా ఆయన కదల్లేదు. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆయన గన్నర్ తీవ్రంగా గాయపడ్డాడు, ఇంధనం కారిపోతోంది, ఎలాగో బేస్‌కి చేర్చారు.

సాయంత్రానికి ఇంకో కబురు: మిగిలిన 40 మంది సైనికుల్నీ, కూలిపోయిన హెలికాప్టర్‌లోని నలుగురినీ వెంటనే బయటికి తేవాలి. కెటిల్స్ యూనిట్‌లో ఎగరగలిగిన హ్యూయీ ఒక్కటే మిగిలింది, దాన్ని తీసుకుని, పక్క యూనిట్ ఇచ్చిన ఐదింటితో కలిసి ఆయనే ముందు నడిచారు. అందరూ ఎక్కేశారని చివరి హెలికాప్టర్ నుంచి చెప్పగానే లేచి బయల్దేరారు. రక్షణగా వచ్చిన గన్‌షిప్‌లు, అంటే తుపాకులు బిగించిన హెలికాప్టర్లు కూడా వెళ్ళిపోయాయి.

గాల్లో ఉండగా రేడియోలో తెలిసింది, ఎనిమిది మంది ఎక్కలేదని. కాల్పుల ధాటికి వాళ్ళు హెలికాప్టర్ల దాకా రాలేకపోయారు.

నన్ను కదిలించేది ఈ క్షణమే. అప్పటికే పొద్దున్నుంచీ చావు అంచున తిరిగిన మనిషి, ఇక చాలు అనుకున్నా ఎవరూ తప్పుపట్టరు, పైగా కింద ఫిరంగుల అండ లేదు, పైన విమానాలు లేవు. తన దళాన్ని నడిపించే బాధ్యత ఇంకో పైలట్‌కి అప్పజెప్పి ఆయన హెలికాప్టర్‌ని వెనక్కి తిప్పారు. ఒంటరిగా.

దిగీ దిగగానే మోర్టార్ పేలి ముందు అద్దాలు పగిలిపోయాయి, రోటర్ రెక్క ఒకటి దెబ్బతింది. ఆ ఎనిమిది మందీ పరిగెత్తుకొచ్చి ఎక్కేదాకా ఆయన ఆగారు. ఇప్పుడు బరువు సమస్య. పరిమితికి దాదాపు 600 పౌండ్లు, అంటే మన లెక్కలో 270 కిలోలు ఎక్కువ. నిలువుగా లేవనంటోంది. అందుకని ముక్కు కిందికి వంచి, నదీలోయ నేల మీద తాకించి లేపుతూ, తాకించి లేపుతూ వేగం పుట్టించి గాల్లోకి తీసుకెళ్ళారు. లేచిన మరుక్షణం ఇంకో మోర్టార్ తోకను తాకింది, హెలికాప్టర్ ఎంతగా ఊగిందంటే ఒక సైనికుడు బయటికి విసిరేసినట్టు పడి, కింద కాళ్ళలా ఉండే కడ్డీని, అంటే స్కిడ్‌ను పట్టుకుని వేలాడుతూ ప్రాణాలతో బయటపడ్డాడు. అలా ఆ 40 మంది సైనికులూ, నలుగురు హెలికాప్టర్ సిబ్బందీ, మొత్తం 44 మందీ బయటపడ్డారు.

1968లో ఆయనకు డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ ఇచ్చారు. అత్యున్నత పతకం మెడల్ ఆఫ్ ఆనర్ మాత్రం 2016 జులైలో గానీ రాలేదు, అదీ గడువు నిబంధనను అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా సడలించాక. అప్పటికి ఆయనకు 86 ఏళ్ళు. నా గురించి కాదు, ఆ 44 మంది వాషింగ్టన్ గోడ మీద పేర్లుగా మిగిలిపోలేదు, అదే ముఖ్యం అన్నారాయన. వియత్నాంలో చనిపోయిన 58 వేల మందికి పైగా సైనికుల పేర్లు చెక్కిన గోడ అది.