సంజీవరెడ్డిని ఓడించింది రెండో ప్రాధాన్య ఓట్లు కాదు

నీలం సంజీవరెడ్డి పేరెత్తితే చాలు, ఎవరో ఒకరు అంటారు: "1969లో రాష్ట్రపతి అయిపోవాల్సినాయన, రెండో ప్రాధాన్య ఓట్లు కొంప ముంచాయి" అని. ఈ మాట వినీ వినీ విసుగొచ్చేసింది. లెక్క చూస్తే అసలు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు.

కథ కాస్త వేగంగా చెప్తా. 1969 మేలో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. బెంగళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు కూర్చుంది. ఇందిరాగాంధీ జగ్జీవన్ రామ్ పేరు చెప్పారు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. కామరాజ్, పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప వర్గం మాత్రం సంజీవరెడ్డే కావాలంది. సరేనని ఆయన నామినేషన్ మీద ఇందిరే సంతకం పెట్టారు. ఆయన స్పీకర్ కుర్చీ వదిలేసి బరిలోకి దిగారు. తీరా పోలింగ్ దగ్గర పడ్డాక "అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయండి" అన్నారు ఇందిర! అవతల ఇండిపెండెంటుగా వి.వి. గిరి, ఇందిర మొగ్గు ఆయన వైపే. ఇద్దరూ తెలుగువాళ్లే, అదో తమాషా.

ఇప్పుడు లెక్కకు వద్దాం. బస్టాండులో మూడు పెద్ద బస్సులున్నాయి అనుకోండి: గిరి బస్సు, రెడ్డి బస్సు, సి.డి. దేశ్‌ముఖ్ బస్సు. "ఎక్కిన బస్సు ఆగిపోతే తర్వాత ఏది ఎక్కుతావు?" అన్నది కూడా టికెట్ మీదే రాసివ్వాలి. అదే రెండో ప్రాధాన్యం.

ఓటేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలే, ఒక్కో ఓటుకు ఇంత విలువ అని ఉంటుంది, ఈ అంకెలు ఆ విలువలే. మొదటి లెక్కింపులో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కి 1,12,769. గెలవడానికి కావాల్సింది 4,18,169. ఎవరికీ రాలేదు. చిన్నాచితకా బండ్లతో పాటు దేశ్‌ముఖ్ బస్సూ ఆగిపోయింది. అందులో ఉన్నదెవరు? ప్రతిపక్షాలైన జనసంఘ్, స్వతంత్ర పార్టీ వాళ్లు. ఇందిర మనిషి బస్సు వాళ్లెందుకు ఎక్కుతారు? ఎక్కలేదు. దిగినవాళ్లలో రెడ్డి వైపు 91,879 వెళ్తే, గిరి వైపు వెళ్లింది 18,562. అంటే రెండో ప్రాధాన్యంలో సంజీవరెడ్డికి దాదాపు ఐదు రెట్లు పడ్డాయి!

చివరికి గిరి 4,20,077, రెడ్డి 4,05,427. తేడా 14,650.

మరి ముంచిందెవరు? రెడ్డి బస్సులో కూర్చోవాల్సిన కాంగ్రెస్ వాళ్లే మొదట్నుంచీ గిరి బస్సెక్కి కూర్చున్నారు. పైగా ఆ రెండో ప్రాధాన్య ఓట్ల కోసం నిజలింగప్ప జనసంఘ్, స్వతంత్ర నాయకుల్ని కలిశారు. "చూశారా, ఎవరితో చేతులు కలుపుతున్నారో" అనడానికి ఇందిర వర్గానికి అది దొరికింది. పదునైన రాజకీయమే, కానీ సంతకం పెట్టిన అభ్యర్థికే ఎసరు పెట్టడం నాకైతే మింగుడుపడదు.

బస్సుల పోలిక ఊరికే తేలేదండోయ్. 1964లో కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టిందని ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేసింది ఈయనే. రెండేళ్లు తిరక్కుండానే కేంద్రంలో రవాణా మంత్రి అయ్యారు!

టైమైపోతోంది, మిగతాది గబగబా. ఓటమి తర్వాత అనంతపురం వెళ్లి వ్యవసాయం. 1975లో జేపీ (జయప్రకాశ్ నారాయణ్)తో మళ్లీ రాజకీయాల్లోకి. 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ సీట్లలో కాంగ్రెస్‌కి 41, మిగిలిన ఒక్క నంద్యాల ఈయనది. మళ్లీ స్పీకర్, ఆ జూలైలోనే రాష్ట్రపతి. 37 నామినేషన్లలో 36 తిరస్కరించారు, అలా ఏకగ్రీవం.

ఇక 1979. ప్రధాని మొరార్జీ దిగిపోయారు, తర్వాత ప్రధాని అయిన చరణ్‌సింగ్ లోక్‌సభ ముఖం చూడకుండానే రాజీనామా చేశారు. జనతా పార్టీ నేతగా నాకు అవకాశమివ్వండి అన్నదెవరో తెలుసా? జగ్జీవన్ రామ్. సంజీవరెడ్డి ఇవ్వలేదు, ఆగస్టు 22న లోక్‌సభ రద్దు చేశారు. 1969 పగ అంటారు కొందరు. నేను ఆ మాట అనను, అప్పుడు జగ్జీవన్ రామ్ కూడా ఇందిర వైపే నిలిచారు నిజమే, కానీ ఆయన పేరు చెప్పింది ఇందిర. అయినా సభలో బలం చూపించుకోమని జగ్జీవన్ రామ్‌కు ఒక్క అవకాశం ఇచ్చి ఉండాల్సింది. కాదంటారా? ఎందుకో కింద రాయండి.