పర్యావరణ పాఠం మన బోరు నీళ్లతో మొదలుపెడదాం
(అనంతపురంలో ఇంజనీరింగ్, సైన్స్ అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగం)

తోటి అధ్యాపకులందరికీ నమస్కారం.

చదువులో పర్యావరణం తప్పనిసరిగా ఉండాలని పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. 2003లో మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆ ఆదేశాల వల్లే డిగ్రీ పిల్లలందరికీ యూజీసీ ఆరు నెలల సిలబస్ తయారైంది. ఇంత పట్టుబట్టి తెచ్చిన సబ్జెక్టును చాలా కాలేజీల్లో పరీక్ష ముందు రాత్రి గైడు చదివి గట్టెక్కే పేపరుగా మార్చేశాం. నాకిది చాలా బాధగా ఉంటుంది. ఓజోన్ పొర గురించి పది మార్కుల జవాబు రాసే పిల్లవాడికి తన ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో తెలియదు.

మన జిల్లాలో సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అందుకే తాగేందుకూ సాగుకూ బోర్లే దిక్కయిన ఊళ్లు ఎన్నో. కింద ఉన్నది గ్రానైట్, దాన్ని పోలిన నైస్ (gneiss) అనే రాయి. అందులోని ఫ్లోరైడ్ ఖనిజాలు మెల్లగా నీళ్లలో కరుగుతాయి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా పర్వాలేదు అంటుంది భారత ప్రమాణం. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పిల్లల పళ్లు గార పడతాయి, తర్వాత పెద్దవాళ్ల కీళ్లు బిగుసుకుపోతాయి. కాచి తాగితే పోతుందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాస్తే నీరు ఆవిరై, మిగిలిన దాంట్లో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

సిలబస్‌కే టైం చాలడం లేదు, ఇవన్నీ ఎప్పుడు చెప్పాలి అని మీరు అడగవచ్చు. కెమిస్ట్రీ ల్యాబులో ఈడీటీఏ అనే రసాయనంతో నీటి కఠినత్వం, అంటే అందులోని కాల్షియం, మెగ్నీషియం, కొలిపించడం మనకు మామూలే. ఆ నీళ్లు కాలేజీ కుళాయివి కాకుండా పిల్లల ఊళ్లవి కానివ్వండి. కాల్షియం తక్కువ, బైకార్బనేట్ ఎక్కువ ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తుంది. ఎందుకని అడగండి. కాల్షియం ఫ్లోరైడ్ నీళ్లలో ఎంతవరకు కరగగలదో చెప్పే సాల్యుబిలిటీ ప్రాడక్ట్ పుస్తకంలోంచి లేచి వాళ్ల ముందుకొస్తుంది.

ఇంజనీరింగ్ పిల్లలను ఊళ్లోని ఆర్ఓ ప్లాంటు దగ్గరకు తీసుకెళ్లండి. క్యాన్‌లోకి వచ్చే నీళ్లు అందరూ చూస్తారు. పక్క పైపులోంచి పోయే నీళ్లు ఎన్ని, వాటిలో ఫ్లోరైడ్ ఎంత, అవి ఏ గుంతలో ఇంకుతున్నాయి? పటికా సున్నమూ వేసి ఫ్లోరైడ్‌ను తేర్చే నల్లగొండ పద్ధతి చెప్పినప్పుడు కూడా అడుగున మిగిలే బురదను ఎక్కడ పోయాలన్న ప్రశ్న వదలకండి. ఒకచోట శుభ్రం చేసిన మురికి ఇంకోచోటికి చేరుతోందా అని అడగడం అలవాటైతే, రేపు ఆ పిల్లలు ఏ ఫ్యాక్టరీలో చేరినా అదే అడుగుతారు.

ఒక్క జాగ్రత్త. పిల్లల ఊరి నీళ్లలో తేలిన ఫ్లోరైడ్ అంకెను ల్యాబ్ రికార్డులో రాసి మూసేయకండి. ఎక్కువ వస్తే రెండోసారి కొలిచి, పంచాయతీకి మనమే వెళ్లి చెప్పాలి. వచ్చే ల్యాబుకు ఒక్కొక్కరినీ ఊరి నీళ్లు తెమ్మనండి. గాజు సీసాలో వద్దు, ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసానే సరైనది. సీసా మీద ఊరి పేరు, బోరు లోతు, తేదీ రాయించండి.