పంపు అరుస్తోందంటే నీళ్లు అందట్లేదేమో చూడండి

అందరికీ నమస్కారం. వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు వైపు ఇళ్లలో స్విమ్మింగ్ పూల్ పంపులు, పైపులు చూసుకునే పని నాది. నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఒకటే. "అన్నా, పంపు గోలకి రాత్రి నిద్ర లేదు, కొత్తది పెట్టించేద్దామా?" అని. దయచేసి తొందరపడకండి. ముందు పంపు పక్కన రెండు నిమిషాలు నిలబడి వినండి.

డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు గలగలమంటుంటే పంపుకి నీళ్లు చాలట్లేదన్నమాట. పీల్చే వైపు ఒత్తిడి బాగా పడిపోతే నీళ్లు చల్లగా ఉండగానే ఆవిరి బుడగలవుతాయి. అవి ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే రెక్కల చక్రం) దగ్గర చితికిపోయే చప్పుడే అది. కావిటేషన్ అంటారు. వదిలేస్తే ఇంపెల్లర్‌ని తినేస్తుంది. పైగా మన బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. నీళ్లను పంపులోకి తోసేది గాలి ఒత్తిడే, అది ఇక్కడ చెన్నైకన్నా దాదాపు పదో వంతు తక్కువ. చెన్నైలో ఎలాగో నెట్టుకొచ్చే సన్న పైపు ఇక్కడ మొరాయించవచ్చు.

ఒక అక్క వాళ్లింట్లో ఎవరో చెప్పారని ఒక హెచ్‌పీ పంపు తీసేసి ఒకటిన్నర పెట్టించారు. గోల ఇంకా పెరిగింది. పెరగదా మరి? పైపు పాత ఒకటిన్నర అంగుళాలదే, లాగేది మాత్రం ఎక్కువైంది. ఆ డబ్బు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. బ్రేకర్ ఆపి, వాల్వులు మూసి, పంపులోకి చెత్త పోకుండా ఆపే బాస్కెట్ మూత తీశాను. లోపల టబేబుయా పూలు. గులాబీ రంగు పోయి, గోధుమరంగు ముద్దగా, జల్లెడ కన్నాలన్నీ మూసేసి ఉన్నాయి.

బాస్కెట్ శుభ్రంగా ఉండి, మూతలోంచి బుడగలు కనిపిస్తుంటే గాలి దూరుతోందని అర్థం. మొదట పూల్ నీటిమట్టం చూడండి, స్కిమ్మర్ (పూల్ గోడలో పైనీళ్లను లాగే కన్నం) నోట్లో సగానికి ఉండాలి. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి పూల్స్‌కి తాగునీరు వాడొద్దన్నాక చాలామంది నీళ్లు నింపడం తగ్గించారు. తప్పనను, కానీ మట్టం దిగితే స్కిమ్మర్ గాలి మింగుతుంది. మట్టం సరిగ్గానే ఉంటే మూత కింది ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు వాషర్) తీసి వేళ్ల మధ్య మెల్లగా తిప్పండి. ఒక్క ఇసుక రేణువు తగిలినా, వెంట్రుకంత చీలిక ఉన్నా చాలు. జాయింట్ల మీద అనుమానముంటే పంపు నడుస్తుండగా షేవింగ్ ఫోమ్ రాయండి, గాలి దూరుతున్న చోట నురగ లోపలికి పోతుంది.

సన్నగా కీచుమంటే మోటారు బేరింగులు, అది మెకానిక్ పని. పంపు ఆపగానే దబ్బుమంటే నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు, లేదా గోడకి క్లాంపు లేని పైపు.

ఇవాళ రాత్రే పంపు పక్కన ఫోన్ పెట్టి ఒక్క నిమిషం రికార్డు చేసి పంపండి. ఏ వైపు నుంచి వస్తోందో కలిసి విందాం.