ఆపుకోలేని బాధ, ఆశ పెట్టే కణాలు

శ్రోతలకు నమస్కారం. ఈరోజు నేను మాట్లాడబోయేది నలుగురిలో ఎవరూ ఎత్తని విషయం. మలద్వారం చుట్టూ ఉండే కండరం గురించి, అది పట్టు తప్పి మలం ఆపుకోలేకపోవడం గురించి. దయచేసి రేడియో కట్టేయకండి. మీకు కాకపోయినా, మీ ఇంట్లో ఒకరికి ఈ మాటలు పనికిరావచ్చు.

ఒక ఆవిడ ఉందనుకుందాం. ఎక్కడికెళ్లినా ముందు బాత్రూం ఎటుందో చూసుకుంటుంది. సంచిలో ఎప్పుడూ ఒక జత బట్టలుంటాయి. తుమ్ము వచ్చేలా ఉంటే చాలు, నడుస్తున్నదల్లా ఆగి కాళ్లు దగ్గరికి బిగించుకుంటుంది. నవ్వొచ్చినా భయమే. ఈమధ్య ఎక్కడికీ రావడం లేదేమిటని అందరూ అడుగుతారు. ఆవిడ చెప్పదు. చెప్పుకోలేదు.

అక్కడ కండరం రెండు వలయాలుగా ఉంటుంది. లోపలి వలయం మన ప్రమేయం లేకుండా, నిద్రలో కూడా, బిగిసే ఉంటుంది. బయటి వలయం మన మాట వింటుంది. ‘ఇప్పుడు కాదు’ అనుకుని మనం బిగబట్టేది దాన్నే. కష్టమైన కాన్పులో చిరుగు ఈ వలయాల దాకా పోవచ్చు. కుట్లు వేస్తారు, పైకి మానిపోతుంది. కొందరికి ఇబ్బంది వెంటనే మొదలవుతుంది, కొందరికి ఏళ్లు గడిచాక, వయసుతో కండరాలు సడలాక బయటపడుతుంది. తెగిన చోట మళ్లీ ఆపరేషన్ చేసి కుట్టవచ్చు. కానీ చాలామందిలో ఆ ఫలితం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతూ వస్తుంది.

అందుకే పరిశోధకుల చూపు మూలకణాల మీద పడింది. స్టెమ్ సెల్స్ అంటామే, అవి. మన కండరాల్లోనే అలాంటివి ఉన్నాయి. 1961లో అలెగ్జాండర్ మౌరో అనే శాస్త్రవేత్త ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కప్ప కండరం చూస్తూ, పోగుల అంచున అంటిపెట్టుకుని ఉన్న కణాలను గుర్తించాడు. కండరానికి దెబ్బ తగిలినప్పుడు లేచి పనిలోకి దిగేవి ఇవే. ఇప్పుడు డాక్టర్లు చేస్తున్నదేమిటంటే, మనిషి ఒంట్లోంచే చిన్న కండరం ముక్క తీసి, అందులోని కణాలను ల్యాబ్‌లో పెంచి, ఇంజెక్షన్‌తో ఆ వలయంలోకి ఎక్కించడం. ల్యాబ్ గిన్నెలో ఈ కణాలు కదురులా సన్నగా ఉంటాయి. కొన్నాళ్లకు బారులు తీరి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఒక్క పోగు అవుతాయి. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరని దృశ్యం అది.

సరే, ఎక్కిస్తే పనిచేస్తాయా? ఫ్రాన్సులో జరిగిన ఒక ప్రయోగం చెబుతాను. దాని ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. మొత్తం 24 మంది. మిగతా చికిత్సలకు లొంగని వాళ్లు. అందరి దగ్గరా కండరం ముక్క తీశారు, అందరి కణాలూ పెంచారు. కానీ 12 మందికే కణాలు ఎక్కించారు. మిగతా 12 మందికి కణాల్లేని ఉత్తుత్తి ఇంజెక్షన్. ఎవరికి ఏది పడిందో వాళ్లకు చెప్పలేదు.

ఆరు నెలలు గడిచాయి. కణాలు పడ్డవాళ్లకు నయంగా ఉంది. ఉత్తుత్తి ఇంజెక్షన్ పడ్డవాళ్లకూ నయంగానే ఉంది! అక్కడితో ఆపి ఉంటే ఏం తేలేది? ఏమీ తేలేది కాదు. కానీ వాళ్లు ఆపలేదు. ఏడాది దాకా ఆగారు. ఏడాదికి చూస్తే, కణాలు పడ్డ 12 మందిలో ఏడుగురికి మెరుగు నిలిచింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ పడ్డ 12 మందిలో నిలిచింది ఒక్కరికే. ఆ తర్వాత, దాచిపెట్టిన వాళ్ల సొంత కణాలు ఎక్కించుకునే అవకాశం ఆ రెండో గుంపుకూ ఇచ్చారు. అది నాకు చాలా నచ్చింది.

ఏడుగురు, ఒక్కరు. ఆశ పెట్టే అంకెలే. కానీ 24 మంది చాలా తక్కువ. ఇది ఇంకా పరిశోధనలో ఉన్న చికిత్సే, ఆస్పత్రికి వెళ్లి చేయించుకొచ్చే మామూలు వైద్యం కాదు. అందుకే ఎవరైనా డబ్బు తీసుకుని ఖాయంగా నయం చేస్తామంటే, నమ్మకండి. ఇంజెక్షన్ పడిందన్న నమ్మకమే ఆరు నెలలు నయమనిపించగలదని ఇప్పుడే విన్నారు కదా.

మరి ఈలోగా? చేయదగ్గవి చాలానే ఉన్నాయి. మలం మరీ పల్చబడకుండా చూసుకోవడం, కటి కండరాల వ్యాయామం, బిగబట్టడం యంత్రం సాయంతో నేర్పే బయోఫీడ్‌బ్యాక్, నడుము దగ్గర నరానికి సన్నని విద్యుత్తు ఇచ్చే పద్ధతి. చాలామందికి వీటితోనే గుణం కనిపిస్తుంది. కానీ వీటిలో ఏదైనా మొదలయ్యేది డాక్టరుకు తెలిసినప్పుడే. డాక్టరుకు తెలిసేది మీరు చెప్పినప్పుడే.

నోరు రావడం లేదా? కాగితం మీద రాయండి. ఎన్నాళ్ల నుంచి, వారానికి ఎన్నిసార్లు, గ్యాసా, పల్చగానా, గట్టిగానా, వస్తున్నట్టు ముందే తెలుస్తుందా లేక అయిపోయాక తెలుస్తుందా. కాన్పులో చిరిగి కుట్లు పడ్డాయా. ఈ నాలుగు ముక్కలు రాసి, మడిచి, లోపలికి వెళ్లగానే డాక్టరు చేతిలో పెట్టండి. చదివాక మిగతావి ఆయనో ఆవిడో అడుగుతారు. మీరు అవును, కాదు అంటే చాలు.