ఎనిమిదో నాచ్

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినప్పుడు "రైళ్ల గురించి ఏదైనా మాట్లాడండి" అన్నారు. ఏదైనా అంటేనే నాకు ఇబ్బంది. కొత్త రైళ్ల వేగాలూ సౌకర్యాలూ మీలో కుర్రవాళ్లకు నాకన్నా బాగా తెలుసు. నాకు గట్టిగా తెలిసింది పాత డీజిల్ ఇంజిను చప్పుడు. దాన్ని నేను చాలావరకు మంచం మీద పడుకునే నేర్చుకున్నాను. అందుకని ఈ సాయంత్రం కళ్ల జోలికి పోకుండా చెవుల సంగతి చెబుతాను.

మా నాన్న రైల్వేలో పాయింట్స్‌మన్, అంటే స్టేషనులో బండి ఏ లైను మీదికి పోవాలో దానికి తగ్గట్టు పట్టాలు మార్చే మనిషి. గుంటూరు–గుంతకల్లు లైను ఇంకా మీటర్ గేజిగా, అంటే పట్టాల మధ్య మీటరు వెడల్పే ఉన్న రోజులు. నల్లమల అంచున చిన్న స్టేషను. నాలుగు క్వార్టర్లు, ఓ వేపచెట్టు, ఓ చేతిపంపు. రోజంతా కలిపి వచ్చే బండ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా ఇంట్లో గడియారం ఉండేది గానీ మా అమ్మ దాని వైపు చూసేది కాదు. "మధ్యాహ్నం బండి పోయింది, లేచి బియ్యం ఏరాలి" అనేది. బండి గంట ఆలస్యమైతే ఆ రోజు మా ఇంట్లో అన్నీ గంట ఆలస్యమే.

రాత్రిపూట అడవి వైపు నుంచి గూడ్సు వస్తుంటే స్టేషనుకు చేరడానికి చాలాముందే వినపడేది. ఎత్తు ఎక్కుతున్నంతసేపూ ఒకటే గర్జన. మలుపు దగ్గర కాస్త మందగించి, కొండ అడ్డం తొలగగానే మళ్లీ పైకి లేచేది. ఉన్నట్టుండి గర్జన ఆగిపోయి, ఇనుము మీద ఇనుము జారే చప్పుడు మాత్రం మిగిలిందంటే ఎత్తు అయిపోయింది, బండి దిగుతోందని అర్థం. మా నాన్న నిద్రలోనే "ఎక్కేసింది" అని లేచి చొక్కా వేసుకునేవాడు. ఇంకా కొన్ని నిమిషాల టైముందని ఆయనకు తెలుసు. చేతిలో లాంతరు, భుజానికి పేము రింగు.

ఆ రింగు గురించి కుర్రవాళ్లకు చెప్పాలి. సింగిల్ లైను మీద ఎదురెదురుగా రెండు బండ్లు రాకుండా టోకెన్ పద్ధతి ఉండేది. స్టేషను మాస్టరు గదిలో ఎర్రటి పెట్టెలాంటి మిషను. పక్క స్టేషనుతో గంటలు కొట్టుకుని ఇద్దరూ ఒప్పుకుంటేనే అందులోంచి ఓ ఇనుప బంతి బయటికొస్తుంది. ఒకటి బయటికొచ్చాక, అది ఏదో ఒక కొసన తిరిగి మిషనులో పడేదాకా ఇంకోటి రాదు. ఆ బంతిని తోలుసంచిలో వేసి, సంచిని పేము రింగుకు కట్టి డ్రైవరుకు అందించాలి. ఆగని బండి అయితే పరుగు మీదే. అసిస్టెంటు డ్రైవరు పాత రింగు కింద పడేసి, చెయ్యి బయటికి చాపి కొత్తది తగిలించుకునేవాడు. మా నాన్న మోచేతికి ఎప్పుడూ ఓ నల్లటి కమిలిన మచ్చ ఉండేది.

మా లైనులో తిరిగే డీజిలు వైడీఎం-4. వై అంటే మీటర్ గేజి, డి అంటే డీజిలు, ఎం అంటే అటు ప్రయాణికుల బండికీ ఇటు గూడ్సుకీ పనికొచ్చేదని. ఆరు సిలిండర్లు, 1,400 హార్స్‌పవర్ దాకా. చదువుకని వరంగల్ వెళ్లి కాజీపేటలో గది తీసుకున్నాక దాని పెద్దన్నను చూశాను. అదే బ్రాడ్ గేజి, అంటే వెడల్పు పట్టాల మీద నడిచే డబ్ల్యూడీఎం-2. పదహారు సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్, బరువు 112 టన్నుల పైచిలుకు. రెండూ అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైన్లే. 1962లో మొదటి డబ్ల్యూడీఎం-2లు ఓడల్లో వచ్చాయి. 1964 నుంచి వారణాసిలో మనవాళ్లే తయారు చేయడం మొదలుపెట్టారు. ఇక్కడ ఓ వింత ఉంది. ఆల్కో 1969లోనే రైలింజన్ల తయారీ మానేసింది. కన్నవాళ్లు పోయాక కూడా వారణాసిలో వాటి సంతానం దశాబ్దాల పాటు పుడుతూనే ఉంది. డబ్ల్యూడీఎం-2లే రెండు వేలు దాటిపోయాయి.

ఇప్పుడు చప్పుడు సంగతి.

డీజిల్ ఇంజిను నేరుగా చక్రాల్ని తిప్పదు. అది జనరేటర్ని తిప్పుతుంది, జనరేటర్ నుంచి వచ్చే కరెంటు కింద ఇరుసులకున్న ఆరు మోటార్లను తిప్పుతుంది. డ్రైవరు చేతిలో ఓ పిడి. దానికి ఎనిమిది మెట్లు, వాటిని నాచ్‌లంటారు. ఊరికే నిలబడ్డప్పుడు ఇంజిను నిమిషానికి 400 సార్లు తిరుగుతుంది, ఎనిమిదో నాచ్‌లో 1,000 సార్లు. పెద్దగా తేడా లేదు కదా అనిపిస్తుంది. విన్నవాళ్లు అలా అనరు. నాలుగు వందల దగ్గర ఆల్కో సాఫీగా తిరగదు, కుంటుతుంది. దడ్, దదడ్, దడ్... గుర్రం ఒక కాలు పైకెత్తి నిలబడి మిగతా మూడింటితో నేల తన్నుతున్నట్టు. మా గదిలో కిటికీ రెక్కలు ఆ తాళానికి అదిరేవి. నా రూమ్మేటుకు పరీక్షల టైములో అదో టెన్షన్. నాకు అది ఆగిపోతేనే మెలకువ వచ్చేది.

డ్రైవరు మొదటి నాచ్ వేయగానే ముందు అరుపు, తర్వాత కదలిక. పెట్టెలు ఒక్కొక్కటే బిగుసుకుంటున్న టకటక వెనకదాకా పాకుతుంది. రెండు, మూడు... ఐదో నాచ్ దగ్గర టర్బో, అంటే ఇంజినులోకి గాలి ఊదే చక్రం, ఈల అందుకుంటుంది. కింద మద్దెల, పైన సన్నాయి. కళ్లు మూసుకుని ఎన్నో నాచ్‌లో ఉందో చెప్పడం మా పందెం. ఓడినవాడు టీ పోయించాలి. డ్రైవరు నోరు విప్పితే గానీ తీర్పు రాదు కాబట్టి చాలా పందాలు తెగకుండానే పోయాయి.

పొగ సంగతి చాలామంది అడుగుతారు, అంత నల్లగా ఎందుకొచ్చేదని. కట్టెల పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. కట్టెలు ఒక్కసారిగా దూర్చేసి గొట్టంతో ఊదకపోతే ఏమవుతుంది? ఇల్లంతా పొగ. ఊదితే మంట అందుకుని పొగ విరిగిపోతుంది. ఇంజినులో ఊదుడుగొట్టం పని టర్బోది. కానీ టర్బో తిరగాలంటే ఇంజిను వదిలే వేడిగాలి దాన్ని తొయ్యాలి, దానికి కొన్ని క్షణాలు పడుతుంది. డీజిలు మాత్రం నాచ్ వేయగానే వచ్చి పడుతుంది. ఆ కొన్ని క్షణాల లోటే ఆ నల్లటి మేఘం. ఇంకోటి, చాలాసేపు ఊరికే నిలబడ్డ ఇంజినులో కాలని నూనె పొగగొట్టం దారిలో పేరుకునేది. బయల్దేరేటప్పుడు అది అంటుకుని రాత్రిపూట నిప్పురవ్వలు మతాబులా లేచేవి. చూడ్డానికి బాగుండేది. మేడ మీద బట్టలు ఆరేసిన ఆడవాళ్లను అడిగితే ఏం చెప్పేవారో నేను ఇక్కడ చెప్పలేను.

ఈ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. పొగ మంచిది కాదు, ఆ నూనె వాసన మంచిది కాదు, ఇంజిను పొడవు ముక్కు, అంటే యంత్రాలుండే పొడవాటి భాగం, ముందు పెట్టి నడిపేటప్పుడు డ్రైవరు పడే అవస్థ అసలే మంచిది కాదు. అంత పొడవాటి ఇనుప డబ్బా అవతలున్న సిగ్నలును ఒక పక్క నుంచే చూడాలి, రెండో పక్క అసిస్టెంటు చూసి అరిచి చెప్పాలి. ఇవాళ్టి డ్రైవర్లను మళ్లీ అందులో కూర్చోమనే హక్కు నాకు లేదు.

కాజీపేటలో మేము నలుగురం. మాకో నోటుబుక్కు. వచ్చిన ప్రతి ఇంజిను నంబరు రాయడం మా పని. పదహారు వేలతో మొదలయ్యేవి, పదిహేడు వేలతో, పద్దెనిమిది వేలతో. పక్కన అది ఏ షెడ్డుదో, అంటే ఏ ఊళ్లో దాన్ని ఉంచి బాగుచేస్తారో. ఇంజిను ఒంటి మీద షెడ్డు గుర్తు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. కె జడ్ జె అంటే కాజీపేట, జి వై అంటే గుత్తి. ముందు అద్దాలు పెద్దవిగా ఉండే కొన్నింటిని జంబోలనేవాళ్లం. జంబో కనపడ్డ రోజు పండగే. "దీనివల్ల లాభమేమిటి?" అని మా వార్డెను ఒకసారి అడిగాడు. నలుగురం చాలాసేపు ఆలోచించాం. ఇప్పటికీ జవాబు దొరకలేదు. ఒకసారి ధైర్యం చేసి ఓ షెడ్డు గేటుదాకా వెళితే కాపలాదారు మా నోటుబుక్కు లాక్కుని, గూఢచారులమేమోనని పేజీలన్నీ తిప్పి చూసి, చివరికి జాలిపడి ఇచ్చేశాడు.

నోటుబుక్కు లేనివాళ్లకు వేరే కాలక్షేపాలు ఉండేవి. గూడ్సు పెట్టెలు లెక్కపెట్టడం. సగంలో ఎవరో పలకరించి లెక్క తప్పించడం. టైంటేబులు పుస్తకం తెచ్చుకుని, ఎన్నడూ వెళ్లని ఊళ్లకు ఎక్కడ దిగి ఏ బండి పట్టుకోవాలో లెక్క కట్టడం. రూపాయి వేస్తే బరువుతో పాటు జాతకం కూడా చెప్పే మిషను ఎక్కడం. ఇక క్రాసింగు. మీలో పెద్దవాళ్లకు క్రాసింగు అనగానే ముఖాలు మారాయి, ఇక్కడికి కనిపిస్తోంది.

సింగిల్ లైనులో ప్యాసింజరు లూపులో, అంటే స్టేషను దగ్గరి పక్క లైనులో, ఆగిందంటే ఎదురు బండి వచ్చి పోయేదాకా కదలదు. పది నిమిషాలో, గంటో. ఫోన్లు లేవు. పేకముక్కలు బయటికొచ్చేవి. సుద్దముక్క దొరికితే ప్లాట్‌ఫారం బండ మీద అష్టాచెమ్మా గడులు. ఆడపిల్లలు అంత్యాక్షరి. పిల్లలు ఇంజిను దగ్గరికి పరుగు. డ్రైవరు ఇంజిను ఆపేసేవాడు కాదు. మళ్లీ స్టార్టు చేయాలంటే బ్యాటరీ మీద ఆధారం, అది మొరాయిస్తే అడవిలో అందరూ జాగారమే. పైగా ఆ రోజుల్లో బ్రేకులు వాక్యూముతో, అంటే గొట్టాల్లో గాలి లాగేసి, పనిచేసేవి, ఆ వాక్యూము నిలబెట్టడానికీ ఇంజిను తిరుగుతూ ఉండాలి. అందుకని ఆటంతా ఆ దడ్ దదడ్ మీదే సాగేది. ఆడేవాళ్లెవరూ దాన్ని వినేవాళ్లు కాదు. కానీ తాళం కొంచెం మారిందో, చేతిలో ముక్కలు ఎలా ఉన్నవి అలా వదిలేసి అందరూ ఒకేసారి లేచేవాళ్లు. సిగ్నలు ఎవరూ చూడలేదు, గార్డు ఈల ఇంకా ఊదలేదు. ఇంజిను గొంతు మారింది, అంతే.

ఇప్పుడు ఎలక్ట్రిక్ ఇంజిను ఆరు వేల హార్స్‌పవర్ పైన లాగుతూ మన పక్కనుంచి పోతే సన్నగా ఓ స్వరం వినిపిస్తుంది. ఎంత కష్టపడుతోందో మనకు చెప్పదు. మా నాన్న బొగ్గింజన్ల మనిషి. డీజిళ్లు వచ్చిన కొత్తలో ఆయన "ఇదేం బండిరా, ఊపిరే తీసుకోదు" అని ఈసడించుకునేవాడు. నేను ఎలక్ట్రిక్‌ను చూసి దాదాపు అదే మాట అంటున్నానని ఈమధ్యే గమనించి కాస్త సిగ్గుపడ్డాను. రేపు ఈ కుర్రవాళ్లు కూడా దేన్నో చూసి అదే అంటారేమో, నాకు తెలియదు.

మా లైను 1990లలో బ్రాడ్ గేజి అయింది. అడవిలో పాత దారిని కొంత వదిలేసి కొత్త దారి వేశారు. ఆ పాత దారిలోని దొరబావి వంతెన మీద బండ్లు ఆగిపోయాయి. తర్వాత కరెంటు తీగలూ వచ్చాయి. వారణాసి కార్ఖానా అయితే రెండు పాత డీజిళ్లను తీసుకుని, లోపలి ఇంజిన్లు తీసేసి, జంట ఎలక్ట్రిక్ ఇంజినుగా మార్చేసింది. 2019 ఫిబ్రవరిలో దాన్ని ప్రారంభించారు. కింద చక్రాల చట్రాలు పాతవే. నాలుగు వందల తాళం లేదు.

కిందటేడు ఓ జంక్షను యార్డులో ఒక ఆల్కో ఊరికే తిరుగుతూ నిలబడి ఉంది. నా బండి వచ్చింది, ఎక్కలేదు. తర్వాతి బండికి వెళ్లాను. ఇంట్లో ఆలస్యానికి కారణం అడిగితే క్రాసింగు అన్నాను. అది డబుల్ లైను.

ఆ కాజీపేట నోటుబుక్కు మిగతా ముగ్గురి దగ్గరా తిరిగి తిరిగి నాకే వచ్చింది. ఇవాళ వెంట తెచ్చాను, ఈ బల్ల మీద పెడుతున్నాను. చూడాలనుకున్నవాళ్లు చూడండి. పేజీలు మాత్రం మెల్లగా తిప్పండి, పిన్నులు ఊడిపోయాయి.